ఆరని పసుపు దీపం

కూర్మనాథం మాస్టారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కారు. పాడేరులో ఆయన ఇంటి అరుగు మీద ప్రతి ఆదివారం పొద్దున్నే కొందరు పెద్దవాళ్లు చేరి వేదాంతం వినేవారు. ఎవరైనా సందేహం అడిగితే ఆయన తల ఊపి, "ఉండనీ, కాస్త నాననీ" అని మరో మాటలోకి వెళ్లిపోయేవారు. కొన్ని ప్రశ్నలు అలా నెలల తరబడి నానేవి. అడిగినవాళ్లు మరిచిపోయిన తరవాత, ఏ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడో ఆయన నోట ఒక మాట వచ్చేది. కొన్నిటికి అసలు వచ్చేదే కాదు. గౌరీశ్వరి అడిగిన ప్రశ్నకు మాత్రం అదే రోజు సాయంత్రానికి జవాబు వచ్చింది, అదీ సగమే.

గౌరీశ్వరి అక్కడి ఆడపిల్లల బడిలో తెలుగు పంతులమ్మ. కిందటేడు వానాకాలంలో ఒకరోజు ఆమె మనసు ఎందుకో కీడు శంకించింది. కొండ దిగి వెళ్లొద్దని భర్త లోకనాథాన్ని బతిమాలుకుంది. అతను నవ్వి వెళ్లి, సాయంత్రానికి పనసకాయ ఒకటి బండికి కట్టుకుని క్షేమంగా తిరిగొచ్చాడు. మళ్లీ కొన్నాళ్లకు, ఎండ నిగనిగలాడుతున్న రోజున, ఆమె ఏ ఆలోచనా లేకుండా గుమ్మంలోంచే చెయ్యి ఊపి పంపింది. ఆ రోజు అతను మలుపులో పడ్డాడు. తొడ ఎముక విరిగి లోపల రాడ్డు వేశారు. ఇప్పటికీ చేతికర్ర లేకుండా నడవలేడు. ఇంటి పనులకూ బయటి పనులకూ అతని మోటారు సైకిలు ఆమే నడపడం నేర్చుకుంది. నేర్చుకుంది కానీ, తాళంచెవి చేతిలోకి తీసుకున్నప్పుడల్లా అతను పడ్డ మలుపే గుర్తొచ్చేది.

ఆ ఆదివారం అందరూ లేచి వెళ్లాక ఆమె ఆగిపోయి అడిగింది. "ఏ భయాన్ని నమ్మాలి మాస్టారూ, దేన్ని తోసెయ్యాలి? భయపడ్డ రోజున ఏమీ కాలేదు. నిశ్చింతగా ఉన్న రోజున అయింది. ఇంక ఈ భయం నాకు దేనికి?"

మాస్టారు తల ఊపారు. ఆయన ఎప్పుడూ అనే మాట ఇంకా నోట్లో ఉండగానే ఫోను మోగింది. కొండ కింద మాడుగుల నుంచి మేనల్లుడు. మాస్టారి అక్క సూరీడమ్మ రాత్రి నుంచి ఏమీ తినడం లేదట, తమ్ముణ్ణి తీసుకురమ్మని అడుగుతోందట. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే. పొద్దుటి బస్సు వెళ్లిపోయింది, తరవాతి బస్సు మధ్యాహ్నం దాటితే గాని లేదు. వాకబు చేస్తే జీపులన్నీ సంతకు పోయాయన్నారు. నేను దింపుతాను మాస్టారూ, అని గౌరీశ్వరి అనేసింది. అన్నాక గాని తను ఏమన్నదో ఆమెకు తెలియలేదు. మాస్టారు లోపలికి వెళ్లి గుడ్డసంచిలో పంచె ఒకటి పెట్టుకుని వచ్చి వెనక కూర్చున్నారు.

ఘాట్ రోడ్డు ఇంకా మొదలు కాకముందే హ్యాండిల్ ఒకవైపు లాగడం మొదలైంది. దిగి చూస్తే ముందు టైరులో మేకు దిగి ఉంది. అదృష్టంకొద్దీ పంక్చర్ల కొట్టు దగ్గరలోనే ఉంటే అక్కడిదాకా తోసుకెళ్లారు. కొట్టతని ముందు అప్పటికే జీపు టైర్లు పడి ఉన్నాయి, జీపువాళ్లు తొందరపెడుతున్నారు. అతను గబగబా ముందు చక్రం ఊడదీశాడు. బ్రేకు పట్టేందుకు డిస్కుకు అటూ ఇటూ ఆని ఉండే క్యాలిపర్ అనే ఇనుప దిమ్మను బోల్టులు తీసి పక్కకు వేలాడదీశాడు. ట్యూబుకు అతుకు వేసి, గాలి కొట్టి, అన్నీ మళ్లీ ఎక్కించాడు. బ్రేకు పిడిని నాలుగుసార్లు నొక్కి, బాగుందమ్మా వెళ్లండి, అన్నాడు.

కొట్టు దాటి కొంచెం దూరం వెళ్లాక ఆమె చూపు మీటరు మీద పడింది. అక్కడ పసుపు రంగు లైటు ఒకటి వెలుగుతోంది. తాళం తిప్పగానే అది వెలగడం, బండి నాలుగు బారలు కదలగానే ఆరిపోవడం రోజూ ఉన్నదే. రోజూ ఆరిపోతుంది గనక దాన్ని ఆమె ఏనాడూ పట్టించుకోలేదు. ఇవాళ అది ఆరలేదు.

వెంటనే బండి వెనక్కి తిప్పింది. కొట్టతను అప్పటికే జీపు టైరు మీద వంగి ఉన్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. "ఏటీ కాదమ్మా. సక్రం ఇప్పి బిగించాం కదా, కొంచెం దూరం ఎల్తే అదే ఆరిపోద్ది."

ఆమెకు కుదురు చిక్కలేదు. కొండలో సిగ్నల్ ఉండదు గనక అక్కడే నిలబడి లోకనాథానికి ఫోను చేసింది. అతను పడకముందు బండి పనులన్నీ సొంతంగా చేసుకునేవాడు. ఓపిగ్గానే విడమరచి చెప్పాడు. ఆ లైటు వెలిగితే బ్రేకు పోయినట్టు కాదట. సడన్ బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు ఒకటి బండిలో ఉంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కనిపెట్టే సెన్సార్ పక్కనే ఉంటుంది. దానికి చక్రం కనపడకపోతే లైటు వెలుగుతుంది. మామూలు బ్రేకు మామూలుగానే పడుతుంది. మాడుగులలో ఎవరికైనా చూపించమన్నాడు. చివర్న, ఎత్తిపొడుపేమీ లేకుండానే, "నీ భయం నీకెప్పుడూ ఉండేదే గౌరీ. మెల్లిగా దిగిపో" అన్నాడు.

ఆ ఇద్దరూ చెప్పినదాంట్లో ఆమెకు తప్పేమీ కనపడలేదు. ఈలోగా మేనల్లుడు మళ్లీ ఫోను చేశాడు. అమ్మ మంచినీళ్లు కూడా వద్దంటోంది, గుమ్మం వైపే చూస్తోంది, అన్నాడు. మాస్టారు ఆ మాట గౌరీశ్వరితో చెప్పి ఊరుకున్నారు, పదమనీ అనలేదు, ఆగమనీ అనలేదు. ఆమె బండి తీసింది.

మొదటి మలుపు దిగింది, రెండోదీ దిగింది. ఒకవైపు కొండ చరియ, ఇంకోవైపు చెట్ల తలలు కాళ్ల కింద. వెనక ఒక లారీ హారన్ కొడుతూ తరుముతున్నట్టు వస్తోంది. రోడ్డు మీద నిలపవలసిన చూపు పదే పదే ఆ పసుపు చుక్క మీదకు జారుతోంది. బ్రేకు పిడి నొక్కినప్పుడల్లా ముందు నుంచి టిక్కుమని చిన్న చప్పుడు వచ్చినట్టు అనిపించింది. వచ్చిందా, అనిపించిందా? మళ్లీ నొక్కింది. ఈసారి వినపడలేదు. ఆ తరవాతి మలుపులో వినపడింది. లారీకి దారి ఇచ్చి, మీకేమైనా వినపడుతోందా మాస్టారూ, అని అడిగింది. గాలి హోరు తప్ప నాకేమీ వినపడటం లేదమ్మా, అన్నారాయన.

అరచేతులు చెమటతో జారుతున్నాయి. తన మీద తనకే కోపం వచ్చింది. అక్కడ ఒక ముసలి ప్రాణం గుమ్మం వైపు చూస్తుంటే, ఇక్కడ తను లేని చప్పుళ్లు వింటోంది. లోకనాథం నవ్వు గుర్తొచ్చింది. ఆ నవ్వు నిజమైన రోజూ గుర్తొచ్చింది, నిజం కాని రోజూ గుర్తొచ్చింది. తన వెనక కూర్చున్న పెద్దాయన బరువు ఎంతో లేదు గానీ, ఆ బరువంతా తన చేతి వేళ్ల మీదే ఉన్నట్టు తోచింది. రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట, పిట్టగోడ పక్కన, బండి ఆపేసింది.

క్షమించండి మాస్టారూ, నేనిలా ముందుకు వెళ్లలేను, అంది. మాస్టారు దిగారు. సంచిని రెండు చేతులా పట్టుకుని ఒకసారి కింది మలుపుల వైపు చూశారు.

"ఏం చూడాలో నాకు తెలియదు" అంది.

"నాకు అంతకంటే తెలియదు" అన్నారాయన. "ఆ కొట్టతని చెయ్యి ఎక్కడెక్కడ పడిందో అది నువ్వు చూశావు కదా."

చూసింది. ఆమె రోడ్డు మీద గొంతుక్కూర్చుంది. అతను చెయ్యి వేసిన చోటల్లా తనూ వేస్తూ వచ్చింది. చక్రం ఇరుసు నట్టు బిగువుగానే ఉంది. సెన్సార్ నుంచి పైకి పోయే సన్నటి వైరు క్లిప్పులోంచి బయటికి వచ్చి ఉంటే, దాన్ని మళ్లీ క్లిప్పులో దూర్చింది. వైరు జాయింటు నొక్కి చూసింది, గట్టిగానే ఉంది. చక్రానికీ సెన్సార్‌కూ మధ్య మట్టి గాని గ్రీజు గాని ఏమైనా పడిందేమోనని కొంగుతో తుడిచింది. లైటు సంగతి తేలేది ఇక్కడే అనుకుంటే ఏదీ తేలలేదు. ఇంక మిగిలింది క్యాలిపర్. దాన్ని గుప్పిటతో పట్టుకుని కదిపింది. టిక్కుమని కదిలింది.

కింది బోల్టు మీద వేలు పెట్టి తిప్పితే కొళాయి పిడి తిరిగినంత సులువుగా తిరిగింది. ఇంకో రెండు చుట్లు తిరిగితే చేతిలోకి వచ్చేసేది. పైది ఉంది గానీ అదీ సగమే బిగించి ఉంది. జీపువాళ్ల తొందరలో అతను వేళ్లతో ఎక్కించి, పానాతో బిగించడం మరిచిపోయాడు. పిట్టగోడ అవతల, మలుపు కింద మలుపుగా దిగిపోతున్న రోడ్డు కనపడుతోంది. ఆమె అటు చూడకుండా మొహం తిప్పుకుంది.

సీటు కింద లోకనాథం కట్టిపెట్టిన పానాల మూట ఉంది. సరిపడే పానా వెతికి రెండు చేతులతోనూ బిగించింది. ఇంక తిరగదని తెలిసినా మరోసారి బిగించింది. స్టాండు వేసిన బండిని మాస్టారు వెనక నుంచి కిందికి నొక్కి పట్టుకుంటే ముందు చక్రం గిర్రున తిప్పి బ్రేకు నొక్కి చూసింది. నొక్కిన చోటే ఆగింది. చప్పుడు లేదు.

బండి ఎక్కుతూ, ఇంక లైటు ఆరుతుందని ఆమె అనుకుంది. బండి కదిలింది. లైటు ఆరలేదు. ఇంకొంచెం దూరం పోయినా ఆరలేదు. మెల్లిగా పోతూనే బ్రేకు రెండుసార్లు వేసి చూసుకుంది. పట్టింది. కొండ అడుగుదాకా ఆ పసుపు లైటు వెలుగుతూనే ఉంది, ఆమె భయపడుతూనే దిగింది. చూపు మాత్రం రోడ్డు మీద నిలిచింది.

మాడుగుల చేరేసరికి సూరీడమ్మ కళ్లు మూసుకుని ఉంది. మాస్టారు మంచం పక్కన కూర్చుని అక్కను అప్పా అని పిలిచి, తడిగుడ్డతో పెదవులు అద్దారు. ఆమె కళ్లు తెరిచి, ఇప్పుడా రావడం, అంది. గుమ్మంలో నిలబడి ఉన్న గౌరీశ్వరి పక్కకు తప్పుకుని, కళ్లు తుడుచుకుని, బండి తీసుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్లింది. అతను చక్రం విప్పి చూపించాడు. టైరు ఊడదీసేటప్పుడు ఇనుప కడ్డీ తగిలి, సెన్సార్‌కు ఎదురుగా ఉండే పళ్ల రింగు ఒకచోట వంగింది. ఆ వంపు దగ్గర సెన్సార్‌కు చక్రం కనపడటం లేదు. వంపు సరిచేసి నడిపి చూస్తే లైటు ఆరిపోయింది. బోల్టుల మాట ఆమె చెబితే అతను అవి మరోసారి సరిచూసి ఇచ్చాడు.

సాయంత్రం సెలవు తీసుకుందామని వెళ్లేసరికి మాస్టారు గిన్నెలో జావ ఊదుతూ కూర్చున్నారు. సూరీడమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. గౌరీశ్వరి మెకానిక్కు చెప్పిందంతా చెప్పి అడిగింది. "లైటు అబద్ధం చెప్పలేదు మాస్టారూ. అయితే భయాన్ని నమ్మాలనేనా?"

"ఆ లైటుకి బోల్టు సంగతి తెలుసా?" అన్నారు మాస్టారు.

తెలియదంది. ఆయన చెంచాతో జావ తీసి అక్క నోటికి అందించారు. ఆమె మింగేదాకా చూసి, పెదవి తుడిచారు. లోకనాథం వెళ్లిన ఆ ఎండ రోజు గౌరీశ్వరి కళ్ల ముందు నిలిచింది. అన్నాళ్లుగా అడగాలని ఉండి అడగలేకపోయింది అదేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

"అది వెలగని రోజున, మాస్టారూ?"

మాస్టారు రెండో చెంచా నింపుకుంటూ అన్నారు. "వెలగని రోజున కూడా చూడ్డానికి బోల్టు ఉంటుంది కదమ్మా."