బోరింగు శాంతి సంఘం

నేరేడుమెట్టలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే అప్పలసూరి ఇంట్లో ముగ్గురూ ఒకేసారి చేతులెత్తేవారు. అప్పలసూరి, అతని పెళ్ళాం గౌరమ్మ, తమ్ముడు సన్యాసి. ఎవరేం చెబితే అది చెప్పినట్టు చేసెయ్యడమే వాళ్ళ తెలివి. వెంట్రుకవాసి అటూ ఇటూ కావడానికి వీల్లేదు. పాలు పొంగకుండా చూడమని అత్తగారు చెబితే, గౌరమ్మ పొయ్యి వెలిగించకుండా పొద్దంతా గిన్నె ముందు కూర్చుని చూసింది. ఒక్క చుక్క పొంగనివ్వలేదని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ ఊళ్ళో పై వీధికీ కింద వీధికీ పడదు. రెండింటికీ మధ్య ఒకటే బోరింగు. ముందు ఎవరు నీళ్ళు కొట్టుకోవాలని తగువొచ్చి, పై వీధివాళ్ళు దాని హ్యాండిలు ఊడబీక్కుపోయారు. మేమేం తక్కువ తిన్నామా అని కింద వీధివాళ్ళు బోల్టు పట్టుకుపోయారు. ఇంకేముంది! హ్యాండిలు ఒకరి అటక మీద, బోల్టు ఇంకొకరి చూరులో, నీళ్ళేమో భూమిలో. మండుటెండలు. మోకాళ్ళ నొప్పుల సత్తెమ్మవ్వ కూడా బిందె చంకనెట్టుకుని కాలవదాకా నడవాల్సి వచ్చింది. దారి పొడుగునా రెండు వీధులనీ తిడుతూ, మధ్యమధ్య కూలబడుతూ వెళ్ళేది పాపం.

అలాంటప్పుడు పట్నం నుంచి వసుంధర గారని ఒక మేడమ్ వచ్చింది. తగువులున్న ఊళ్ళలో జనాన్ని కలిపి, ఓటు గురించీ హక్కుల గురించీ నేర్పించే సంఘాలకి వాళ్ళ సంస్థ నిధులిస్తుందట. సంఘం పెట్టడానికి ఊళ్ళో ఇంకెవరూ కదల్లేదు. మనవాళ్ళు ముగ్గురూ కదిలారు.

“ఏం లేదండీ. రెండు వీధులవాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టండి. బోరింగు చూసుకోడానికి ఒక మనిషిని రహస్య ఓటుతో ఎన్నుకోండి. అన్నిట్లో రెండు వీధులకీ సమాన భాగం ఉండాలి. శుక్రవారం వచ్చి చూస్తాను. ఊరు కలిస్తే నిధులు మీకే. బోరింగు బాగుచేసుకుని చుట్టూ గట్టు కూడా కట్టుకోవచ్చు,” అని మేడమ్ చెప్పి వెళ్ళింది.

“ఓస్, ఇంతేనా!” అన్నాడు అప్పలసూరి.

మర్నాడే జనాన్ని బతిమాలి కళ్ళంలోకి తెచ్చి, ఈ పక్క ఒక వీధినీ ఆ పక్క ఒక వీధినీ కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారు, అంతే. కాసేపయ్యాక పై వీధి పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

“మాటాడకండి బాబూ!” అని సన్యాసి పరిగెత్తుకొచ్చాడు. “మేడమ్ కూకోబెట్టమన్నారు. మాటాడించమన్నేదు.”

ఒకాయన లేవబోయాడు. గౌరమ్మ భుజం నొక్కి కూలేసింది. ఎండ నెత్తికెక్కింది. పిల్లలు ఏడ్చారు. గేదెలు ఇళ్ళ దగ్గర అరిచాయి. పొద్దు వాలాక అప్పలసూరి చూసి, అందరూ ఇంకా కూర్చునే ఉన్నారని మురిసిపోయి వదిలేశాడు. ఇళ్ళకి పోతూ పై వీధివాళ్ళూ కింద వీధివాళ్ళూ ఒకరి నడుం నొప్పి ఒకరికి చెప్పుకున్నారు. ఏళ్ళ తర్వాత వాళ్ళు మాట్లాడుకోవడం అదే మొదలు.

తర్వాత ఓట్లు. రహస్యం కదా మరి! పోటీలో ఎవరున్నారో ఎవరికీ చెప్పలేదు. ఓటెయ్యడానికి వచ్చినవాళ్ళ కళ్ళకి తువ్వాలు కట్టి, చీటీ చేతిలో పెట్టి, ఆ చెయ్యి కుండలో పెట్టించారు. అంతా అయ్యాక సన్యాసికి అనుమానం వచ్చింది.

“అన్నియ్యా, కుండ ఇప్పితే ఎవులు ఎవులికి ఏసినారో తెలిసిపోద్ది కదేటి?”

“అవున్రా! ఎంత గండం తప్పింది!” అని అప్పలసూరి కుండని చీటీలతో సహా పొయ్యిలో తోశాడు.

సత్తెమ్మవ్వ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. “ఇంతకీ గెలిసిందెవుల్రా?”

“అదీ రహస్యమే అవ్వా!”

అంతే, అవ్వకి పట్టరాని కోపమొచ్చింది. “ఈల్లని నమ్ముకుంటే సచ్చేక కూడా నోట్లో నీల్లు పడవు. ఆ హ్యాండిలేదో తెండి, ఆ బోల్టేదో తెండి!” అని రెండు వీధుల మధ్య నిలబడి ఏడ్చేసింది. అందరూ తలలు దించుకున్నారు. అటక మీది హ్యాండిలు దిగింది. చూరులోని బోల్టు వచ్చింది. రెండూ బిగించి కొడితే బోరింగు రెండుసార్లు దగ్గి నీళ్ళు పోసింది. మొదటి బిందె అవ్వకే పట్టారు.

అక్కడితో ఊరుకుంటే మనవాళ్ళు మనవాళ్ళెందుకవుతారు? శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ బోరింగు చుట్టూ తిరిగి చూశారు.

“ఓలమ్మో, హ్యాండిలు పై వీధి ఏపుంది!” అని గౌరమ్మ గుండెలు బాదుకుంది. “ఆల్లకి ఎక్కువైపోనాది. సమానంగా ఉండాలన్నారు కదయ్యా మేడమ్!”

సన్యాసి ఇనుం కోసే రంపం తెచ్చాడు. దారంతో కొలిచి, సరిగ్గా సగానికి కోశాడు. ఒక ముక్క పై వీధి మొదట్లో, ఒక ముక్క కింద వీధి మొదట్లో పెట్టి, వాటికి పసుపూ కుంకుమా కూడా పెట్టారు. అంతలో సత్తెమ్మవ్వ బిందెతో వచ్చింది. చూసింది. ఆవిడ పెట్టిన కేకకి ఊరు ఊరంతా బయటికొచ్చింది.

ఇంకేముంది! ముందు ముగ్గురూ, వెనక రెండు వీధులూ. చీపుళ్ళు, చేటలు, ముల్లుకర్రలు. పై వీధివాడు పడితే కింద వీధివాడు లేపి మరీ పరిగెత్తించాడు. సరిగ్గా అప్పుడే వసుంధర గారు ఆటో దిగింది.

“ఆగండి, ఆగండి!” అని అందరినీ ఆపి, సంగతంతా విని, పొట్ట పట్టుకుని నవ్వింది. “ఎన్నో ఊళ్ళు చూశాను గానీ ఊరంతా ఇలా ఒక్కటవడం ఎక్కడా చూళ్ళేదు. నిధులు మీకే. ఎప్పటికీ ఇలాగే ఉండండి.”

నిధులొచ్చాయి. కొత్త హ్యాండిలొచ్చింది. గట్టు లేచింది. కళ్ళంలో ఓటు పాఠాలు మొదలయ్యాయి, ఈసారి మాట్లాడనిస్తూనే. ఒక సాయంత్రం సత్తెమ్మవ్వ నిండు బిందెతో నింపాదిగా ఇంటికి పోతుంటే, ముగ్గురూ రొప్పుతూ ఎదురొచ్చారు.

“అవ్వా, నీ కాల్లట్టుకుంటాం. రోజూ పరిగెడతన్నాం గానీ ఎనక ఎవులూ రావట్లేదు,” అని అప్పలసూరి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “ఎప్పటికీ ఇలాగే ఉండమన్నారు కదా మేడమ్. తరమకపోతే ఊళ్ళో శాంతి పోద్ది. బోరింగు మల్లీ ఆగిపోద్ది!”

అవ్వకి నవ్వూ జాలీ కలిసొచ్చాయి. “సర్లేరా. మీరు పరిగెడతా ఉండండి. బిందె ఇంట్లో దించేసి నానొస్తాను. నానొచ్చేదాకా ఆగకండి.”

అవ్వ బిందె దించింది, కడుపునిండా చల్లటి నీళ్ళు తాగి హాయిగా నడుం వాల్చింది. మనవాళ్ళు పొరుగూరు దాటి పోతుంటే ఎవరో కేకేసి ఎక్కడికని అడిగారట. “ఎక్కడికీ కాదు బాబూ, మా ఊళ్ళో శాంతి కోసం!” అంటూ సన్యాసి ఆగకుండా పోయాడట.