నల్లపెట్ట నెత్తిన చిన్న తురాయి

అనగనగా సముద్రం పక్కనే ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒక కొత్తకోడలు ఉండేదమ్మా. కాళ్ళు ఆడించకు మరి, కథ బెదిరి పారిపోతుంది. పైడమ్మ పుట్టిల్లు కొండకింద పల్లె. అత్తారింటికి పంపేటప్పుడు వాళ్ళమ్మ సారెతో పాటు ఒక నల్లపెట్టను చంకలో పెట్టింది. వాళ్ళ వైపు అది ఆనవాయితీ. కొత్తచోట పిల్ల బెంగ పెట్టుకోకుండా, పుట్టింటి కోడి ఒకటి కళ్ళముందు తిరుగుతుండాలని.

అత్తగారి పేరు సన్యాసమ్మ. మంచిదే, కాకపోతే నోరు పెద్దది. ఆవిడ దొడ్లో కోళ్ళన్నిటికీ పెద్దపెద్ద తురాయిలు. తురాయంటే తెలుసుగా, కోడి నెత్తిమీద ఎర్రగా, రంపంపళ్ళలా ఉంటుంది, అదీ. ఆవిడ ముద్దుల తెల్లపెట్టకైతే ఆ తురాయి ఒక కంటిమీదికి వాలిపోయేది. మన నల్లపెట్టకో? బఠాణీగింజలు మూడు వరసలు పేర్చినట్టు, నెత్తికి అతుక్కుపోయి ఉండేది.

"ఏటే కోడలా, దీనికి తురాయే మొలవనేదు. వచ్చినకాడ్నించి ఒక్క గుడ్డు పెట్టిందేటి? శుక్రారం అల్లుడొస్తన్నాడు. కూరకి దీన్నే కోసేద్దుం" అంది సన్యాసమ్మ.

పైడమ్మ గుండె గుభేలుమంది. ఇంక అప్పట్నించి ఆ పిల్లకి కాలు ఒకచోట నిలవలేదనుకో. వంటింట్లోంచి దొడ్లోకి, దొడ్లోంచి వంటింట్లోకి. పొయ్యిమీద గంజి పొంగిపోయినా పట్టలేదు. కంచం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగలేదు.

అప్పుడు ఏం చేసిందీ? ముందు నల్లపెట్ట నెత్తిన ఆముదం రాసింది, తురాయి పెరుగుతుందని. పెరగలేదు. ఆ తర్వాత ఎండుమిరప గింజలు తినిపించింది. పెట్ట శుభ్రంగా తిని, ముక్కు నేలకి రాసుకుని పోయింది. వేలు పెట్టి కొలుస్తుంది, మళ్ళీ వచ్చి కొలుస్తుంది. ఎక్కడ పెరుగుతుంది నా తల్లీ! ఆ జాతి తురాయే అంత. పైడమ్మకి తెలియదూ? పుట్టింటి కోళ్ళన్నీ అలాంటివే. కానీ భయం పట్టుకుందంటే తెలిసింది కూడా మర్చిపోతాం.

శుక్రవారం రానే వచ్చింది. అప్పుడు మూడో ఉపాయంగా కుంకం తడిపి, పెట్ట నెత్తినిండా దట్టంగా పూసేసింది. పెద్దగా లేకపోతే పోనీ, ఎర్రగానైనా కనిపిస్తుందని. ఆ పెట్ట ఊరుకుంటుందా? కుడితితొట్లో తల ముంచి ఒక్క విదిలింపు విదిలించింది. మెడంతా ఎర్రటి చారలు.

"అమ్మో, నెత్తురు! దీనికేదో తెగులు తగిలింది. మిగతావాటికి అంటకముందే కోసేద్దుం, కత్తిపీట తేవే!" అని సన్యాసమ్మ గావుకేక పెట్టింది.

పైడమ్మ పరిగెత్తుకొచ్చి అడ్డం పడింది. "తెగులు కాదత్తా, కుంకం! నేనే రాసినాను. దాన్ని కొయ్యకు. మా ఇంటికాడ్నించి నాతోటి వచ్చింది అదొక్కత్తే. అదీ పోతే ఇక్కడ నాకెవులున్నారు?" అని బావురుమంది.

సన్యాసమ్మ కోడిని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో కుంకం తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది. కుంకం పోయినా ఆ చిన్న తురాయి ఎర్రగానే ఉంది. వేలు ఆనిస్తే వెచ్చగా తగిలింది. కోళ్ళని పెంచిన చెయ్యి కదా, తెలిసిపోయింది. గుడ్డుకొచ్చిన పెట్ట తురాయి అలాగే ఉంటుంది. అప్పుడు వెళ్ళి తెల్లపెట్టను పట్టి చూసింది. అంత పెద్ద తురాయీ పాలిపోయి, ముడతలు పడి, చల్లగా ఉంది.

"ఓసి నా బుద్ది కాల! పెద్దదా చిన్నదా అనే చూసినాను గానీ, రంగు చూడనేదు. జాతికో తురాయి, దేనిది దానికే. రేపోమాపో గుడ్డెడతాదే ఇది" అంది.

మరి తెల్లపెట్టను కోశారా అంటావా? ముద్దులపెట్టను కోస్తుందా ఆవిడ! అల్లుడికని ఎండుచేపల పులుసు పొయ్యిమీద పడేసింది. మూతి ముడుచుకుంటే ముడుచుకోనీ.

ఆ తర్వాత కోడల్ని వెలుతురులోకి లాగి, గడ్డం పట్టుకుని మొహం చూసింది. అంత దగ్గరగా చూడ్డం అదే మొదలు. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"పెళ్ళినాడు నువ్విలాగ ఉండనేదే. కడుపునిండా తిని ఎన్నాళ్ళయిందే?"

సన్యాసమ్మ పీట వాల్చి, అల్లుడు వీధి మొగకి రాకముందే కోడలికి అన్నం పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆ పిల్ల ఏడ్చేసింది. ఏడుస్తూనే ఇంకొంచెం పెట్టమని కంచం చాపింది.

కథ పోయింది కంచికి,
కోడి పోయింది గంపకి,
పులుసు పోయింది కుంచెడన్నానికి,
బుజ్జి పోవాలి నిద్రకి!