జీను కింద సుడి

గట్టుపల్లం సంస్థానం ఏలే చెన్నప్ప నాయకుడికి వెండిజీను మీద మోజు పుట్టింది. దసరా పారువేట ఊరేగింపులో తాను గుర్రమెక్కి వస్తుంటే జనం తన మొహం కంటే ముందు జీను చూసి నోరు తెరవాలన్నాడు.

ఆ పని గుర్రాలశాల పెత్తందారు ముత్తరాజు నెత్తినేసుకున్నాడు. ఈ ముత్తరాజు ఎలాంటివాడంటే, గుర్రం ఒంటికి చెయ్యి తగిలితే అత్తరు వాసన పోతుందని దూరంగా నిలబడే రకం.

జీనంటే గుర్రం వీపుకు కొలిచి కుట్టాలి. వెన్నెముకకు ఒరుసుకోకుండా నడుమ సందు ఉండాలి. చెమటకు తడిస్తే నీడన ఆరబెట్టి, తోలుకు ఆముదం పట్టించాలి. ఎండలో ఆరేసేవాడితో నేను మాట్లాడను. మా వీధిలో ఒకడున్నాడు, వాడి పేరు కూడా ఎత్తను. ముత్తరాజుకు ఇవేవీ పట్టలేదు. ఎర్ర మఖమలు మీద వెండిపూలు మెరుస్తున్నాయా లేదా, అంతే చూశాడు. తెచ్చి రాజుగారి ముందు పెట్టాడు.

రాజుగారి గుర్రం పేరు గోరింట. ఎర్రటి ఆడగుర్రం. కొందరు ఈ కథను గాడిదతో చెబుతారు. గాడిదకు వెండిజీను ఎవడేస్తాడండీ? గుర్రమే. పసిపిల్లలు తోక పట్టుకు లాగినా కదలని గుర్రం. కొత్త జీను వేస్తే బుద్ధిగా నిలబడింది. రాజు ఎక్కి కూర్చున్నాడో లేదో, గాల్లోకి లేచి ఆయన్ని తీసుకెళ్ళి పేడకుప్పలో దించింది.

"ఏమిటయ్యా ఇది?" అని రాజు గుడ్లురిమాడు.

ముత్తరాజు గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి, లెంపలు వాయించుకున్నాడు.

"అపచారం ప్రభూ! సరిగ్గా జీను కింద సుడి ఉంది దీనికి. ఎక్కినవాణ్ణి నేలకూల్చే సుడి! ఇక దీన్ని శాలలో ఉంచకూడదు. సున్నపు గానుగకు కట్టించెయ్యండి."

సున్నపు గానుగంటే మాటలా? తిరిగిన చోటే తిరగాలి. సున్నం పొడి కళ్ళల్లో పడి ముందు చూపు పోతుంది, ఆనక ప్రాణం పోతుంది. మండిపోతున్న రాజు, సరే కట్టించమన్నాడు.

ఆ మాట విని ముమ్మక్క ముందుకొచ్చింది. ముమ్మక్కంటే రాజుగారి వెనక తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడే మనిషి. గోరింట పాలుతాగే పిల్లగా ఉన్నప్పటినుంచీ పెట్టెలో మిగిలిన ఆకులు దాని నోట్లోనే పెట్టేది. ముమ్మక్క నోరు మాత్రం అడకత్తెర.

"ఒక్కసారి ఆ జీను చూడనివ్వండి ప్రభూ" అంది.

"ఆకులకు సున్నం రాసుకునేదానివి, జీనుతో నీకేం పనే?" అన్నాడు ముత్తరాజు.

"నాకేం పనుంటుంది అయ్యగారూ? తమరి పనితనం కళ్ళారా చూసి తరిద్దామని."

ముత్తరాజు అక్కడికక్కడే పొంగిపోయాడు. ముమ్మక్క జీను తిరగేసి, అడుగున ఉన్న మెత్తను నిమిరింది. ఏమీ తగల్లేదు. అరచేత్తో గట్టిగా అదిమింది. చురుక్కుమంది. చూసుకుంటే నెత్తురు బొట్టు! గుట్టుగా కొంగుకు తుడిచేసుకుంది. ఇప్పుడు చెబితే "నువ్వే ఏదో గుచ్చావు" అని తిరగబడతాడు. ఆ మనిషి సంగతి ఆమెకు కొత్త కాదు.

"ప్రభూ, ఇంత గొప్ప జీను చేయించినవారికి సన్మానం జరగొద్దా? స్వామి పల్లకిని భుజాన మోసేవాళ్ళు ఎంత పుణ్యాత్ములో, ఏలినవారి ఆసనాన్ని వీపున మోసేవారూ అంతే. రేపు నిండుకొలువులోకి ముత్తరాజుగారే దీన్ని వీపున కట్టుకుని రావాలి. తమరు స్వయంగా వీపు చరిచి శభాష్ అనాలి. గోరింటను ఆ తర్వాత పంపుదురుగాని."

రాజుకు ఆ ముచ్చట నచ్చింది. ముత్తరాజుకు మరీ నచ్చింది.

మర్నాడు కొలువు కిటకిటలాడింది. ముత్తరాజు పట్టు తలపాగా చుట్టి, మీసం దువ్వి, వీపున వెండిజీనుతో బయల్దేరాడు. జీను జారకుండా పొట్టకు తంగు పట్టీ కట్టింది ముమ్మక్కే. వదులుగానే కట్టింది. ముందు నగారా, వెనక సన్నాయి. పెళ్ళికొడుకు కూడా అంత ఠీవిగా నడవడు. సింహాసనం ముందుకొచ్చి నడుం వంచి దండం పెట్టాడు.

రాజుగారు చెయ్యెత్తి, జీను మీద ఫెళ్ళున ఒక్క చరుపు చరిచారు. "శభాష్!"

"ఓరి నాయనో!"

ముత్తరాజు మూరెడెత్తు లేచాడు. కాలు విసిరితే మంత్రిగారి మోకాలికి తగిలింది. ఇంకోసారి లేచాడు. తలపాగా ఊడి దొర్లుకుంటూ పోయింది.

ముమ్మక్క వచ్చి ముత్తరాజు నడినెత్తిలోకి తొంగిచూసి, లెంపలు వాయించుకుంది.

"అపచారం ప్రభూ! ఈయనకు ఒకటి కాదు, జంట సుళ్ళు! రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళంటారని విన్నాను గానీ, ఇలా తంతారని వినలేదు. గోరింట పక్కనే ఈయన్నీ గానుగకు కట్టించెయ్యండి. జత కుదురుతుంది."

మంత్రిగారు మోకాలు పట్టుకుని "కట్టించాల్సిందే" అన్నారు. రాజు భటుల వైపు తిరిగాడు.

ముత్తరాజుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"సుడి కాదు ప్రభూ! సుడికీ తన్నుకీ ఏమిటి సంబంధం? మేకులు! వెండిపూల మేకులు అడుగున పొడుచుకొచ్చాయి! మీరు చరిచేసరికి వీపులో దిగాయి! నొప్పికి తన్నానయ్యా, నొప్పికి!"

ముమ్మక్క తాపీగా ఆకు ఈనె తీసి, సున్నం రాసింది.

"గోరింట నిన్న చెప్పిందీ అదే ప్రభూ. దానికి మన భాష రాదు, అంతే."

కొలువు గొల్లుమంది. రాజు జీను విప్పించి, తానే అదిమి చూసి, "అబ్బా" అని చెయ్యి విదిలించుకున్నాడు. అప్పుడొచ్చింది ఆయనకు నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వాడు. గానుగ మాట అక్కడే రద్దయింది.

"ముమ్మక్కా, ఏం కావాలో కోరుకో. గోరింటనే ఇచ్చెయ్యనా?"

"నేనెక్కితే దాని నడుం విరుగుతుంది ప్రభూ. ఆ వెండిపూలు పీకించి నా ఆకుల పెట్టెకు కొట్టించండి. ఎన్ని మేకులు దిగినా పెట్టె తన్నదు."

రాజు కళ్ళు తుడుచుకుంటూ, పట్టకారు తెప్పించి ముత్తరాజు చేతికే ఇచ్చాడు.