మేక ఒప్పుకోని నాలుగు కాలేజీలు

కాదండీ, మేక సంగతి తర్వాత. ముందు గంటికోట వారి గురించి చెప్పాలి. మీరు ఇప్పుడే వచ్చారు కదా, ఇలా జరిగి కూర్చోండి. వీళ్ళకీ ఇప్పుడే మొదలెట్టా, పెద్దగా ఏం పోలేదు.

ఈదులమెరకలో గంటికోట వారింట్లో నలుగురు. పెద్దాయన పేర్రాజు, ఆయన భార్య బుల్లెమ్మ, తమ్ముళ్ళు గవర్రాజు, అబ్బులు. నలుగురికీ తమ తెలివంటే మహా గౌరవం. పొద్దున్నే లేవగానే పేర్రాజు అడిగేవాడు, "ఏరా, నిన్నటి తెలివి ఉన్నట్టేనా?" అని. తమ్ముళ్ళు తల తడుముకుని, "ఉందన్నయ్యా" అనేవారు. అప్పుడు గానీ కాఫీ తాగేవారు కాదు.

వీళ్ళ తాత ఊళ్ళో బాస్కెట్‌బాల్ కోర్టుకి స్థలం ఇచ్చాడు. ఊరికే ఇచ్చాడా? మెలిక పెట్టాడు. ఏటా ఆ కోర్టులో జరిగే ఆడపిల్లల కాలేజీ పోటీలకి ఏ జట్లు రావాలో, ఎవరితో ఎవరు ఆడాలో నా ఇంటివాళ్ళే తేల్చాలి అన్నాడు. ఇన్నాళ్ళూ ఊరి బళ్ళో ఆటలు నేర్పే పాలంకి మాస్టారు అన్నీ తేల్చి కాయితం తెస్తే వీళ్ళు సంతకాలు పెట్టేవారు. ఈ ఏడు మాస్టారికి కాలు విరిగింది. మంచం మీదనుంచే రూల్సు రాసి పంపించారు. అన్నిటికన్నా పైన, "రాసింది రాసినట్టు చెయ్యండి, సొంత తెలివి వాడొద్దు" అని పెద్దక్షరాలతో రాశారు.

"అదేంటండీ, మన తెలివి వాడొద్దన్నారు?" అంది బుల్లెమ్మ.

"అరిగిపోతుందని ఆయన బాధ" అన్నాడు పేర్రాజు. "మంచివాడు."

పన్నెండు కాలేజీలు అర్జీలు పెట్టాయి. ఆడేది ఎనిమిదే. అందులో పోలేరుపాలెం కాలేజీ ఒకటుంది. చిన్న కాలేజీ, ఆడేవాళ్ళు ఏడుగురే. వాళ్ళ డ్రిల్లు మేడం సువార్తగారు, కెప్టెన్ పిల్ల ధనకుమారి, ఇద్దరూ అర్జీ ఇచ్చి అక్కడే వరండాలో నిలబడిపోయారు.

"ఇంటికెళ్ళండమ్మా, కబురు చేస్తాం" అన్నాడు అబ్బులు.

"వెళ్ళలేనండి" అన్నారు మేడం. "ఈ పోటీల్లో ఒక్క ఆటైనా ఆడి స్కోరు కాయితం తెస్తేనే వచ్చే ఏడు జట్టు ఉంటుందన్నారు మా ప్రిన్సిపాల్‌గారు. లేకపోతే కోర్టులో బుట్టలు పీకించేసి సైకిల్ స్టాండు కట్టిస్తారట. గెలవక్కర్లేదు. ఆడితే చాలు."

"అదెంత పని, కూర్చోండి" అని పేర్రాజు లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

మొదటి రూలు చదివారు. ఏ కాలేజీ గురించి మాట్లాడుతున్నారో ఆ కాలేజీలో మీవాళ్ళుంటే, మీరు గది బయటికి పోవాలి.

"రాజనపూడి కాలేజీ" అని పిలిచాడు పేర్రాజు.

"మా చెల్లెలి కూతురు అక్కడే చదువుతోంది" అని బుల్లెమ్మ బయటికి పోయింది.

"నా భార్య చెల్లెలి కూతురంటే నాకూ కూతురే" అని పేర్రాజు పోయాడు.

"అన్నయ్య కూతురు మనకి పరాయిదా?" అని తమ్ముళ్ళిద్దరూ పోయారు.

అంతే. గది ఖాళీ. నలుగురూ వరండాలో నిలబడి, తేలిందనుకున్నాక మళ్ళీ లోపలికొచ్చారు. ఏమీ తేలలేదు. తర్వాత చింతలగరువు కాలేజీ పిలిచారు. అక్కడ ఎవరికీ చుట్టాల్లేరు. ఇక తేలిపోతుంది అనుకుంటుంటే గవర్రాజు లేచాడు.

"నేను ఓసారి చింతలగరువులో బస్సు దిగి మంచినీళ్ళడిగానన్నయ్యా. ఆవిడ 'తాగు బాబూ' అంది."

"అంటే నీకు తల్లి వరస."

"నీకు తల్లైతే మాకు కాదేంట్రా?" అని మిగతా వాళ్ళూ లేచారు. ఇంకేముంది, మళ్ళీ అందరూ వరండాలోకి!

అలా పన్నెండు కాలేజీలకీ పన్నెండుసార్లు వచ్చారు, పోయారు. ఆఖరికి అబ్బులికి ఆయాసం వచ్చింది.

"అన్నయ్యా, అర్జీలు లోపల పెట్టి మనం ఇక్కడే కూర్చుందాం. గదిలో ఎవరూ లేకపోతే ఏ పక్షమూ ఉండదు. అంత న్యాయం ఇంకెక్కడుంటుంది?"

"ఒరేయ్, నీ తెలివి నిన్నటికన్నా పెరిగిందిరా" అని మెచ్చుకున్నాడు పేర్రాజు. నలుగురూ అరుగు మీద వరసగా కూర్చుని, ఖాళీ గది ఎప్పుడు తేలుస్తుందా అని చూస్తున్నారు.

"లోపల ఎవరూ లేరు కదండీ?" అన్నారు సువార్త మేడం భయంగా.

"ష్... ఆలోచిస్తోంది" అంది బుల్లెమ్మ.

ఇంతలో పక్కింటివాళ్ళ మేక పెరటి గుమ్మంలోంచి లోపలికి పోయింది. కరకర, పరపర చప్పుడు. ధనకుమారి కేకేసి పరిగెత్తేసరికి మేక నాలుగు అర్జీలు పూర్తిగా నమిలేసింది. అయిదోది సగం నోట్లో ఉంది. పిల్ల లాగితే సగం ఇటొచ్చింది, సగం అటు పోయింది. చూస్తే అది పోలేరుపాలెం వాళ్ళదే!

పేర్రాజు మిగిలినవి లెక్కపెట్టాడు. ఏడు బాగున్నాయి, ఒకటి సగం ఉంది.

"చూశారా! పన్నెండింట్లో నాలుగు తీసేస్తే ఎనిమిది. మాస్టారు అడిగిన లెక్క మేకకెలా తెలిసిందో చూడండి."

"తిన్నవి ఎంపికైనట్టా, మిగిలినవి ఎంపికైనట్టాండీ?" అంది బుల్లెమ్మ.

"తిన్నవాటిని ఎలా పిలుస్తావే? మేక కడుపులోకి కబురు పంపుతావా? మిగిలినవే."

"మేకకి ఆ కాలేజీల్లో చుట్టాలున్నారేమో?" అన్నాడు గవర్రాజు. పెరట్లోకెళ్ళి మేకనే అడిగొచ్చాడు. "కాదనలేదు, ఔననలేదు. మొహం చూస్తే లేనట్టే ఉందన్నయ్యా."

అంతే, ఆ నాలుగు కాలేజీలకీ "మీ జట్టుకి మేక ఒప్పుకోలేదు" అని ఉత్తరాలు పోయాయి.

"మరి మా సంగతండీ?" అన్నారు మేడం.

"మీది సగం ఎంపికైందమ్మా. జట్టుకి అయిదుగురు కదా, మీరు రెండున్నర మంది ఆడండి."

"ఆ అర మనిషి ఎలా ఆడుతుంది బాబాయిగారూ?" అంది ధనకుమారి.

"ఒంటికాలి మీద" అన్నాడు అబ్బులు వెంటనే. "రెండో కాలు ఇంటిదగ్గర ఉన్నట్టు."

పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "రెండో రూలు చూడండి బాబాయిగారూ, మీకు పుణ్యముంటుంది" అంది.

రెండో రూలు, ఎన్ని గెలిచారని కాదు, ఎవరి మీద గెలిచారో చూడండి అని. ధనకుమారి వాళ్ళు మూడు నెలల కిందట నక్కలపాడు కాలేజీ మీద గెలిచారు. చూడమన్నారు కదా, ఇంకేముంది, గవర్రాజూ అబ్బులూ బస్సెక్కి నక్కలపాడు పోయారు. ఓడిపోయిన పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కర్నీ చూశారు. ముందు చూశారు, వెనక్కి తిప్పి చూశారు. నలుగురు నవ్వుతున్నారు. అయిదో పిల్లకి జలుబు. ముక్కు ఎర్రగా ఉంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

తమ్ముళ్ళు పరుగున వెనక్కొచ్చారు. "అన్నయ్యా! మూడు నెలలైంది, ఒక పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది!"

పేర్రాజు లేచి నిలబడ్డాడు. "మూడు నెలలు ఏడిపించారంటే మామూలు జట్టా! సగం కాదు, నిండుగా తీసుకోండి" అని, మేక తిన్న సగానికి బదులు తెల్లకాయితం మైదాపిండితో అతికించి సంతకం పెట్టాడు. పోలేరుపాలెం ఎనిమిదో జట్టు అయింది. మేడం దణ్ణం పెట్టారు, పేర్రాజుకి కాదు, ఆ జలుబుకి.

ఇక బోర్డు మీద నంబర్లు వెయ్యాలి. మూడో రూలు సులువే. అందరికన్నా బలమైన జట్టుకి ఒకటి, తర్వాతదానికి రెండు, అలా ఎనిమిది దాకా. మొదటి ఆట ఒకటో నంబరుకీ ఎనిమిదో నంబరుకీ, తర్వాత రెండుకీ ఏడుకీ. పోయినేడు కప్పు కొట్టిన రాజనపూడికి ఒకటి వేశారు, చింతలగరువుకి రెండు, అందరికన్నా ఆఖరున పోలేరుపాలేనికి ఎనిమిది. అంతదాకా బానే ఉంది. నాలుగో రూలు దగ్గర వచ్చింది చిక్కు. ఒకటో జట్టూ రెండో జట్టూ ఫైనల్ దాకా ఎదురుపడకుండా చూడాలి.

"చూద్దాం" అన్నాడు పేర్రాజు. "ఊరు చిన్నది. టీ కొట్టు దగ్గర ఎదురుపడ్డా పడినట్టే."

పోటీల రోజు చింతలగరువు పిల్లలు పొద్దున్నే దిగారు. కాసేపటికి రాజనపూడి పిల్లలూ దిగారు. ఒక్కొక్కళ్ళు తాడిచెట్టంత ఉన్నారు. వాళ్ళు సంచులు కింద పెట్టేలోపే అబ్బులు ట్రాక్టరెక్కించి ఆరు మైళ్ళ అవతల రైసుమిల్లులో దింపొచ్చాడు.

"ఫైనల్ రోజు తీసుకొస్తా, అందాకా ఊక బస్తాల మీద పడుకోండమ్మా" అని చెప్పి మరీ వచ్చాడు.

తీరా మొదటి ఆట వేళయింది. కోర్టులో ఒకపక్క ధనకుమారి వాళ్ళు నిలబడ్డారు. రెండోపక్క ఎవరూ లేరు. రెఫరీ గడియారం చూసుకుని, "అవతలి జట్టు రాలేదు కాబట్టి పోలేరుపాలెం ఆడకుండానే గెలిచింది" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. ధనకుమారి మాత్రం బంతి పట్టుకుని కోర్టు మధ్యలో కూలబడింది.

"ఏమ్మా, గెలిచావుగా?" అన్నాడు పేర్రాజు.

"ఆడకుండా గెలిస్తే స్కోరు కాయితం ఎక్కడిది బాబాయిగారూ? సున్నా సున్నా అని రాసిస్తారా? సైకిల్ స్టాండు కట్టేస్తారు. నాకు గెలుపొద్దు. ఆట కావాలి."

పేర్రాజు మనసు కరిగింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనిషి మంచోడే. "రాజనపూడిని తెస్తే చింతలగరువు వాళ్ళు చూస్తారే..." అని బుర్ర గోక్కున్నాడు.

బుల్లెమ్మ చెప్పింది. "వాళ్ళ కళ్ళకి గంతలు కడితే సరి."

అంతే! చింతలగరువు పిల్లలు పదిమందినీ ముందు వరసలో కూర్చోబెట్టి కళ్ళకి తువ్వాళ్ళు కట్టేశారు. వాళ్ళు పాపం, "ఎవరేశారు? పడిందా?" అని పక్కవాళ్ళని గిల్లి గిల్లి అడగడమే. ట్రాక్టరు వెళ్ళి రాజనపూడి వాళ్ళని తెచ్చింది. తలనిండా ఊక, ఒళ్ళంతా దురద. ఒక చేత్తో గోక్కుంటూ ఒక చేత్తో బంతి కొడుతూ దిగారు కోర్టులోకి.

ఆట మొదలైంది. మొదటి బుట్ట ధనకుమారి వేసింది. అప్పుడు గవర్రాజుకి చదవని రూలు ఒకటి మిగిలిందని గుర్తొచ్చింది.

"అన్నయ్యా, అయిదోది! నంబర్లు పాత పేరు చూసి కాదు, ఇప్పటి ఆట చూసి వెయ్యాలట!"

"ఇప్పటి ఆటంటే ఇదేగా! ఆపండాపండి!" అని పేర్రాజు బోర్డు దగ్గరికి పరిగెత్తాడు. పోలేరుపాలెం ముందుంది కాబట్టి దానికి ఒకటి వేశాడు. రాజనపూడికి ఎనిమిది. రెఫరీ తల పట్టుకున్నాడు. ఆట మళ్ళీ మొదలైంది. రాజనపూడి ఒకేసారి మూడు పాయింట్లు కొట్టింది. "ఆపండి!" మళ్ళీ చెరిపాడు, మళ్ళీ రాశాడు. ధనకుమారి వాళ్ళు రెండు కొట్టారు. "ఆపండి!" చాక్‌పీసులు అయిపోయాయి. ముగ్గుపిండి తెచ్చారు. ముగ్గుపిండి అయిపోయింది. బుల్లెమ్మ ఇంటికి పరిగెత్తి బియ్యప్పిండి తెచ్చింది.

అలా ఆపినప్పుడల్లా పోలేరుపాలెం పిల్లలు కూర్చుని ఊపిరి పీల్చుకునేవారు. ఉన్నదే ఏడుగురు కదా, వాళ్ళకి అదే బలమైంది. రాజనపూడి వాళ్ళు మాత్రం ఆపినప్పుడల్లా గోక్కునేవారు. గోక్కున్నకొద్దీ దురద పెరిగింది. ఆఖరి నిమిషంలో నలభై రెండు నలభై ఒకటి, రాజనపూడిది పైచెయ్యి. ధనకుమారి దూరంనుంచి విసిరింది. బంతి బుట్ట అంచు మీద ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది, లోపల పడింది. రెఫరీ ఈల వేశాడు.

ఇంకేముంది! జనం కోర్టులోకి వచ్చేశారు. చింతలగరువు పిల్లలు గంతలతోనే లేచి గెంతి ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. సువార్త మేడం స్కోరు కాయితం మీద రెఫరీ చేత సంతకం పెట్టించుకుని, నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకున్నారు. "బుట్టలు పీకరమ్మా, ఇక పీకరు!" అని ధనకుమారిని పట్టుకుని ఏడ్చేశారు.

పేర్రాజు బియ్యప్పిండితో ఆఖరిసారి బోర్డు మీద రాశాడు. పోలేరుపాలెం ఒకటి, రాజనపూడి ఎనిమిది. రాసి వెనక్కి జరిగి చూసుకున్నాడు. చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఎక్కడికమ్మా పోతున్నారు? కోర్టులోకి రండి. ఒకటో నంబరుకీ ఎనిమిదో నంబరుకీ ఆట ఉంది."

"ఇప్పుడే ఆడాం కదా బాబాయిగారూ!" అంది ధనకుమారి.

పేర్రాజు జాలిగా నవ్వాడు. చెయ్యి దులుపుకుని, పిల్ల తలమీద పెట్టి, సొంత కూతురికి చెప్పినట్టు చెప్పాడు. ఆయనన్నది అన్నట్టే చెప్తున్నా, నా మాట ఒక్కటి కలపలేదు:

"ఇందాక ఆడింది ఒకటో నంబరు కాదమ్మా, అప్పుడు నువ్వు ఎనిమిదివి. ఒకటో నంబరయ్యాక నువ్వింకా మొదటి ఆటే ఆడలేదు. పద, భయపడకు. కానీ ఆ ఎనిమిదో నంబరుతో మాత్రం జాగ్రత్త తల్లీ, ఇందాకే ఒకటో నంబర్ని ఓడించింది."