గుంటలో రాక్షసుడు, దోసిట్లో తీర్థం

చిదంబరం పట్టిన రాక్షసుడు చిదంబరం మాట వినడం లేదమ్మా. అదీ అతని కష్టం.

ఎక్కడంటారా? కంప్యూటర్‌లో. గోదావరి ఒడ్డున పూర్ణబోధస్వామి వారి మఠంలో పిల్లలకు చదువు చెప్పే శిష్యుడు ఈ చిదంబరం. దిమ్మె మీద దిమ్మె పేర్చి ఊళ్ళు కట్టే ఆట ఒకటుంది కదా, అందులో ఆ పిల్లలు వేసవంతా కూర్చుని ఒక పట్నం కట్టారు. వీధులు, రేవులు, గోశాల, గోపురం. మర్నాడు తల్లిదండ్రులు చూడడానికి వస్తున్నారు.

చిదంబరానికి అది చాల్లేదు. ఆటలోకెల్లా పెద్ద రాక్షసుణ్ణి పట్టి చూపించాలనుకున్నాడు. ఆ రాక్షసుడికి కళ్ళు లేవు, చప్పుడు వెంట వస్తాడు. ఆటలోనే గంట కొట్టుకుంటూ తీసుకొచ్చి, నడివీధిలో గుంటలో పడేశాడు.

పడ్డవాడు ఊరుకుంటాడా? గోడ గుద్దాడు. చిదంబరం ఠకఠకా ఇంకో వరస పేర్చాడు. వాడు మరింత గట్టిగా గుద్దాడు. రాయి పోయి ఇనుము వచ్చింది. ఇనుమూ విరిగింది. గోశాల కూలింది.

"సార్, మా గోపురం..." అంది వెనకనుంచి వైదేహి, ఏడుపు గొంతుతో.

"పోదమ్మా. నేనున్నాగా."

"అదే సార్ భయం," అన్నాడు పక్కవాడు.

అప్పుడు పూజ ముగించుకుని తీర్థం చెంబుతో స్వామి వచ్చారు. కాసేపు తెర వంక చూశారు.

"చిదంబరం, దోసిలి పట్టు."

"ఒక్క నిమిషం స్వామీ, పట్నం పోతోంది."

"తీర్థాన్ని ఆగమంటావా?"

అనగలడా, పాపం! రెండు చేతులూ పట్టాడు. స్వామి అంచుదాకా పోశారు.

"అప్పుడే పుచ్చుకోకు. ఒలకనివ్వకు."

తెర మీద రాక్షసుడు ఆఖరి వరస మీదికి చెయ్యెత్తాడు. చిదంబరం ఊపిరి బిగబట్టాడు.

దిమ్మె చప్పుడు లేదు. అడుగు చప్పుడు లేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. రాక్షసుడు తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎవరూ లేరనుకున్నాడేమో, మెల్లగా మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నేల తవ్వుకుని, తను వచ్చిన పాతాళానికే దిగిపోయాడు.

గోపురం నిలిచింది.

పిల్లలు పెదవులు బిగించుకుని స్వామి వంక చూశారు.

"వెళ్ళిపోయాడర్రా. ఇక మీ ఇష్టం," అన్నారు స్వామి.

ఆ జేజేలకి గది కప్పు అదిరిపోయింది. గెంతేవాళ్ళు గెంతుతున్నారు, గోశాల మళ్ళీ కట్టడానికి కుర్చీ కోసం తోసుకునేవాళ్ళు తోసుకుంటున్నారు.

"పుచ్చుకో నాయనా," అన్నారు స్వామి చిదంబరంతో.

చిదంబరం దోసిలి మాత్రం ఇంకా కదల్లేదు.