పోగు లాగని చీర

బొంత మెడదాకా లాక్కో. కాళ్ళు లోపల పెట్టుకో. ఇవాళ్టి కథ కాస్త భయం కథ, మధ్యలో లేచి కూచుంటే నేను చెప్పను.

అనగనగా కాలవ లాకుల పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పాతచీరల కొట్టు ఉండేది. కొట్టు మాణిక్యానిది. మొగుడు పోయాడు, ఒక్కగానొక్క కూతురు తాయారు. ఆ కొట్టు నడిస్తేనే తల్లీకూతుళ్ళకి నాలుగు మెతుకులు.

ఆడవాళ్ళు తాము కట్టని చీరలు తెచ్చి ఆ కొట్లో పెట్టేవాళ్ళు. మాణిక్యం వాటిని కుంకుడురసంలో ఉతికేది, నీడన ఆరేసేది, చిరుగుంటే కనపడకుండా కుట్టి వేలాడదీసేది. చీర అమ్ముడయ్యాక తన వంతు ఉంచుకుని, మిగతాది ఇచ్చినావిడ చేతిలో పెట్టేది. ఏనాడూ ఎవరినీ తిప్పుకోలేదు. అందుకే పక్క ఊళ్ళనుంచి కూడా పడవల్లో వచ్చేవాళ్ళు.

మరి ఫలానా కొట్టుందని నలుగురికీ తెలియొద్దూ? సంతరోజు వచ్చిందంటే మాణిక్యం ఒక మంచి చీర తీసి, మడిచి దోపి, తాయారుకి కట్టి సంతలోకి పంపేది. "ఎక్కడిదే పిల్లా ఈ చీర?" అని ఎవరైనా అడిగితే, "మా కొట్లోదండీ, రండి చూపిస్తా" అనేది తాయారు. నోరున్న పిల్ల, అచ్చం నీలాగే.

ఆ కొట్టుకి ఒక ఆచారం ఉండేది. ఇన్నాళ్ళూ ఆ చీర కట్టుకున్న మనిషే స్వయంగా రావాలి. తన చేత్తో కొంగులోంచి ఒక్క పోగు లాగి, ఇంటికి తీసుకుపోవాలి. పోగు లాగేదాకా ఆ చీర ఆవిడది. లాగాక మనసు తెగినట్టు, అప్పుడే కొట్టుది. మాణిక్యం తల్లి పెట్టిన ఆచారం అది.

ఒకసారి పెళ్ళిళ్ళ రోజుల్లో కొట్టు నిండా జనం. అప్పుడు వరహాలు అనే ఆవిడ గబగబా వచ్చి ఒక పట్టుచీర ఇచ్చింది. నేరేడుపండు రంగు చీర, ఆవపువ్వు రంగు అంచు. చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

"నీదేనా?" అంది మాణిక్యం.

"కాక ఎవరిది?" అంది వరహాలు. కానీ ఆవిడ చూపు నేలమీద ఉంది.

"పోగు రేపొచ్చి లాగుదువుగాని, అక్కడ పెట్టు" అనేసింది మాణిక్యం. జనం అలా ఉన్నారు మరి. వరహాలు మళ్ళీ రాలేదు. చీర మాత్రం ఆ సాయంత్రమే అమ్ముడైంది.

కొన్నావిడ రెండోరోజుకే తిరిగొచ్చింది. "చీర పెట్టెలో పెట్టి తాళం వేశాను. పొద్దున లేచి చూస్తే వీధిగుమ్మం దగ్గర పడుంది. మా ఇంట్లో దీనికి ఉండబుద్ధి కావడం లేదు" అని అక్కడ పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంకొకావిడ కొంది. ఆవిడా తిరిగొచ్చింది. పెరట్లో ఆరేసిందట. ఆకు కదలడం లేదట. తీగమీద బట్టలన్నీ బొమ్మల్లా నిలబడి ఉంటే, ఈ చీర ఒక్కటే కాలవవైపు టపటపా కొట్టుకుంటోందట.

ఆ తర్వాత మూడో ఆవిడ కొంది. పేరంటానికి కట్టుకెళ్తే ఎవరో వెనకనుంచి కొంగు పట్టి లాగారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. చెవి పక్కన మాత్రం ఒక ముసలి గొంతు "నాది" అంది. ఆవిడ చీర కొట్లోకి విసిరేసి, వెనక్కి చూడకుండా పోయింది.

దగ్గరికి జరుగు. చెయ్యి పట్టుకో. ఆఁ.

ఇంక ఊరు ఊరుకుంటుందా? మాణిక్యం కొట్లో దెయ్యముందన్నారు. కొనేవాళ్ళు గుమ్మం తొక్కడం మానేశారు. చీరలు పెట్టినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పట్టుకుపోయారు. కొయ్యలన్నీ బోసిపోయాయి, ఆ నేరేడురంగు చీర ఒక్కటే మిగిలింది. మాణిక్యం దానివైపు చూడాలంటేనే జంకేది. అయినా పొయ్యి వెలగాలి కదా, పిల్లకి అన్నం పెట్టాలి కదా.

అప్పుడు ఆవిడకొక పాడు ఆలోచన వచ్చింది. ఈ చీరే తాయారుకి కట్టి సంతలో తిప్పితే? నా కన్నకూతురికే కట్టానంటే ఇందులో ఏమీ లేదని అందరూ నమ్ముతారు కదా అనుకుంది.

"అమ్మా, బరువుగా ఉందే" అంది తాయారు కట్టేటప్పుడు.

"పట్టుచీరలు అంతేలే, వెళ్ళు" అంది మాణిక్యం. అయినా మనసాగక పిల్ల వెనకాలే బయల్దేరింది.

మిట్టమధ్యాహ్నం. వీధిలో పురుగు లేదు. తాయారు సంతవైపు తిరగలేదు. లాకులవైపు తిరిగింది. నడుం మీద చెయ్యి వేసుకుని, వంగి, ముసలమ్మలా అడుగులో అడుగు వేస్తూ పోతోంది.

"తాయారూ" అని పిలిచింది మాణిక్యం. పిల్ల తిరగలేదు. ఆ తర్వాత ఇంకా గట్టిగా పిలిచింది. తిరగలేదు. మూడోసారి పిలవబోయి నోరు మూసుకుంది. ఎందుకంటే పిల్ల అప్పటికే లాకుల మీది సన్నటి చెక్క ఎక్కేసింది. ఆ రోజు నీళ్ళు వదలడానికి లాకుల తలుపులు ఎత్తి ఉన్నాయి. కింద నీళ్ళు సుళ్ళు తిరుగుతూ హోరుమంటున్నాయి.

మాణిక్యం పరుగెత్తి వెళ్ళి కొంగు అందుకుంది. లాగితే పిల్ల నీళ్ళలో పడుతుంది. వదిలితే పిల్ల దక్కదు. ఏం చేస్తుంది పాపం? కొంగు చివర రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చీర ఎటు తీసుకెళ్తే అటే నడిచింది.

అవతలి గట్టున ఒక పెంకుటిల్లు. వాకిట్లో బియ్యం చెరుగుతున్నది ఎవరనుకున్నావు? వరహాలు. ఆ చీర కట్టుకుని వస్తున్న పిల్లని చూడగానే ఆవిడ చేతిలో చేట జారిపోయింది.

తాయారు తిన్నగా లోపలికి పోయింది. లోపల నులకమంచం మీద వరహాలు అత్తగారు, సూరాయమ్మ అని ముసలావిడ, మంచంపట్టి ఉంది. గోడకున్న ఖాళీ కొయ్య వంకే చూస్తోంది. చేతివేళ్ళు గాల్లో దేన్నో తడుముకుంటున్నాయి. తాయారు మంచం పక్కన కూచుంది. ఆ వేళ్ళు చీర కుచ్చిళ్ళని పట్టేసుకున్నాయి.

"వచ్చావా" అంది ముసలావిడ. పిల్లతో కాదు, చీరతో.

"మంచంలో ఉన్నావిడ ఇంకేం కట్టుకుంటుందిలే అని ఇచ్చేశాను" అని గుమ్మంలో నిలబడి ఏడ్చింది వరహాలు.

మాణిక్యం ముసలావిడ కాళ్ళు పట్టుకుంది. "పిన్నీ, పోగు లాగించకుండా అమ్మాను. తప్పు నాది, చీర నీది. నా పిల్లని నాకియ్యి" అంది.

తాయారు కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ రెప్ప పడటం లేదు.

"మా ఆయన తెచ్చిన చీర" అంది ముసలావిడ. "పోయేనాడు దీన్ని కప్పుకునే పోదామనుకున్నాను. ఇచ్చినావిడా అమ్మినావిడా ఒకళ్ళైనా నన్నొక్క మాట అడిగారా?"

"ఇప్పుడు అడుగుతున్నా పిన్నీ. పసిదాని ఒంటిమీది చీర. ఇస్తావా?"

ముసలావిడ తాయారు మొహం వైపు అప్పుడు చూసింది. ఆ చూపు మెత్తబడింది. "ఇంత చంటిదా కట్టుకున్నది? అడిగితే ఇవ్వనా" అంది.

కొంగు అందుకుని ఒక పోగు లాగింది. చెయ్యి వణికి తెగిపోయింది. మళ్ళీ లాగింది. మళ్ళీ తెగింది. మూడోసారి మాణిక్యం ఆవిడ చెయ్యి కింద తన చెయ్యి ఆసరాగా పెట్టింది. అప్పుడు పోగు ఆ చివరినుంచి ఈ చివరిదాకా చక్కగా ఊడొచ్చింది.

తాయారు కళ్ళు ఆర్పింది. చుట్టూ చూసింది. "అమ్మా, ఆకలేస్తోంది" అంది. మాణిక్యం పిల్లని గుండెకి హత్తుకుని భోరుమంది.

"దీన్ని అమ్మొద్దు, పిల్లకే ఉంచు" అంది సూరాయమ్మ. పోగు వేలికి చుట్టుకుని, చాన్నాళ్ళకి హాయిగా నిద్రపోయింది. కొంతకాలానికి ఆవిడ పోయినప్పుడు కూడా ఆ పోగు వేలికే ఉందట.

ఆ తర్వాత మాణిక్యం సంతలో నిలబడి, జరిగిందంతా దాచకుండా తన నోటితోనే చెప్పింది. "ఇకమీద మంచంలో ఉన్నవాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళి అడుగుతా. పోగు లాగనిదే చీర కొయ్యకెక్కదు" అంది. జనం మెల్లగా మళ్ళీ వచ్చారు. కొట్టు మునుపటికంటే బాగా నడిచింది.

చీర ఏమైందంటావా? తాయారు కట్టుకుంది, కట్టుకుంది, నలిగి మెత్తబడేదాకా కట్టుకుంది. ఆ తర్వాత ముక్కలు చేసి బొంతలో కలిపి కుట్టింది.

నీ గడ్డం కింద చూడు, నేరేడురంగు ముక్క. మెల్లగా తడుము. అంచు పక్కన సన్నటి గీతలా తగులుతోందా? పోగు ఊడిన చోటు అదే. ఉలిక్కిపడకు, అడిగి తెచ్చుకున్నదే. తాయారు ఎవరా? నీ తలకింద ఉన్న చెయ్యి ఎవరిదే పిచ్చిదానా?

పోగేమో మామ్మకి, బొంతేమో బుజ్జికి,
భయమేమో కాలవకి, నిద్దరేమో కంటికి,
కథ కాస్తా కంచికి, మనం మన ఇంటికి.