జామతోట కాపలావాడి సాసేజీలు

కాలువకి కాస్త ఎడంగా ఉన్న జామతోటలో నాటుకోళ్లు తిరుగుతుండేవి. వాటికి కాపలా గండయ్య అనే కుక్క. ఒళ్లంతా అనుమానమే. ఎవరేం పెట్టినా మూడుసార్లు వాసన చూడందే ముట్టడు.

అలాంటివాణ్ణి నక్క ఎలా బుట్టలో వేసిందో వినండి. బస్టాండు దగ్గర హోటలు నుంచి హాట్‌డాగుల్లో పెట్టే సాసేజీలు ఎత్తుకొచ్చి, రోజూ పొద్దున్నే కంచె కిందనుంచి తోసేది. ఎండనపడి కాపలా కాసేవాడివి, గంజన్నంతో ఏం బలం వస్తుంది బావా, ఇది శుద్ధ మాంసం అని ఊదరగొట్టింది. గండయ్య వాసన చూశాడు. పొగపట్టిన మాంసపు కమ్మటి వాసన. ఇంకేం, లొట్టలేసుకుంటూ తినేశాడు.

పదిరోజుల్లో పొట్ట బానలా అయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. దాహమైతే చెప్పక్కర్లేదు, గంటకోసారి కాలువకి పోవాల్సిందే. ఎండలు కదా అనుకున్నాడు, పిచ్చి తండ్రి. రోజుకో పెట్ట కనబడకపోతే పొదల్లో గుడ్లు పొదుగుతోందిలే అని సరిపెట్టుకున్నాడు.

ఆ రోజు కాలువగట్టు మీద పిల్లి కూర్చుని ఉంది. పొద్దున్నుంచి ఇది ఐదోసారి నీళ్లకి రావడం, ఏం తింటున్నావన్నా అని అడిగింది. రోజుకి ఆరు సాసేజీలని గండయ్య గొప్పగా చెప్పాడు.

పిల్లి నోరు వెళ్లబెట్టింది. "ఆరా? అవి తయారయ్యే చోట ఏడాది ఉన్నానన్నా నేను. మాంసంతోపాటు బోలెడు కొవ్వు, గుప్పెళ్లతో ఉప్పు, ఎర్రగా కనబడాలనీ చెడిపోకూడదనీ కలిపే మందు. ఎప్పుడో ఒక ముక్కంటే సరే. రోజూ ఆరు తింటే దాహం వెయ్యదా, గుండె పాడవదా? ఇంతకీ ఎవరు పెడుతున్నారు?"

'నక్క' అనబోయి గండయ్య ఆగిపోయాడు. కోళ్లని తినే నక్క తనకి తిండి పెట్టడమేమిటి? తను ఇక్కడ నీళ్లు తాగుతున్నంతసేపూ అక్కడ తోటలో ఎవరున్నట్టు?

పరిగెత్తాడు. సగం దారిలోనే ఊపిరి అందలేదు. ఈడ్చుకుంటూ కంచె దగ్గరికి చేరేసరికి తోటలో ఒక్క కోడి కూత లేదు. మిగిలిన ఒక్క చుక్కల పెట్టా నక్క కాలి కింద గిలగిల్లాడుతోంది. "గండయ్యా, నిన్నే నమ్ముకున్నామయ్యా" అంది.

గండయ్య దూకబోయాడు. కాళ్లు మడతపడి కూలబడ్డాడు.

"నీతో పోట్లాడి గెలవలేనని తెలుసు బావా. అందుకే కడుపునిండా పెట్టాను" అంది నక్క. పెట్టని నోట కరుచుకుని, తొందరేమీ లేకుండా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

నోటికి బాగుందని తినడం కాదు, అందులో ఏముందో, పెట్టేవాడికి ఏం కావాలో తెలుసుకుని తినాలి.